గుమ్మం పక్కన వత్సనాభి

“ముందు ఆ మొక్క పీకెయ్. ఆ తర్వాతే భోజనం!” అంటూ గాష్పెర్ బార్లీ సూప్ గిన్నెను దూరంగా నెట్టాడు.

“పీకడానికా నాటింది? మన కొండ పువ్వే కదయ్యా! మంచులో కూరుకుపోయినా చావదు, ఏటేటా తనే లేచి పూస్తుంది. నీకేం అడ్డమొచ్చింది?” అంది అతని భార్య నేజా.

“వంటింటి గుమ్మం పక్కన విషం పెంచుతూ అడ్డమేంటంటావా? అది వత్సనాభి! పక్కింటి పొలోనా అంతా చెప్పింది. వేరు ముల్లంగిలా ఉంటుందట. ముక్క పడితే చాలు, ఎద్దులాంటి మగాడైనా చల్లబడిపోతాడట.”

నేజా కిటికీలోంచి ఆ నీలం పూలను ముద్దుగా చూసుకుంది. “ఎద్దుల సంగతి నాకేం తెలుసు? ఇవాళ సూప్‌లో ముల్లంగే వేశాను. తిను.”

గాష్పెర్ ఆ పూట పస్తున్నాడు. మర్నాడు ఆకలికి ఆగలేక తనే పొయ్యి వెలిగించాడు. మొదట్లో అన్నీ మాడ్చాడు. పోనుపోను చెయ్యి తిరిగింది. ఆలుగడ్డలు వేయించాడు, పులియబెట్టిన క్యాబేజీ ఉడికించాడు, ఒక ఆదివారం ఏకంగా అక్రోటు పొడి పరిచి రొట్టె చుట్టి కాల్చాడు. గరిటె ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. గిన్నెలకు నేజా ఏం పూస్తుందోనన్న భయంతో అవీ తనే తోముకునేవాడు.

నేజా మాత్రం ఆ పూల పక్కనే బల్ల వేసుకుని, ఎండ కాగుతూ కాఫీ తాగేది.

“ఉప్పు తగ్గింది,” అంది ఒకరోజు తింటూ.

“పెట్టింది తిను! వండేవాడికి తెలుస్తుంది కష్టం,” అని కసిరాడు గాష్పెర్.

ఆకురాలు కాలం వచ్చింది. నేజా చేతులకు తొడుగులు వేసుకుని, వత్సనాభి దుబ్బును తవ్వి వేర్లు విడదీస్తోంది. పొలోనా ఖాళీ కుండీ పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది.

“మీ ఇంటి రొట్టె వాసన వీధంతా కొడుతోంది వదినా! మా ఆయనేమో మంచినీళ్ళు కూడా ముంచుకోడు.”

నేజా ఒక వేరు జాగ్రత్తగా ఆమె కుండీలో పెట్టింది.

“ఉత్త చేతులతో ముట్టుకోకు. గుమ్మం పక్కనే నాటు. పూయగానే కబురు పెట్టు, ఈసారి మీ ఆయన్ని భయపెట్టే వంతు నాది.”