చప్పుడు లేని చోటు

"ఆ ఖాళీ కట్ చేసెయ్యమ్మా," అన్నాడు వీడియో పాఠాలు తయారుచెయ్యడం నేర్పే లెక్చరరు.

మౌసు మీదున్న స్నేహితురాలి చేతిని ట్రైనీ టీచరు పట్టుకుంది. "చెయ్యకే."

తెరమీద ట్రైనీ టీచరు చేసిన పాఠం ఆగి ఉంది. అంచుదాకా నిండిన గ్లాసులో ఐసు ముక్క తేలుతోంది. అది కరిగితే నీళ్లు పొర్లిపోతాయా అని అడిగాక, ఆ పాఠంలో ఆమె చాలాసేపు నోరు మెదపలేదు.

"మాట మరిచిపోయావనుకుంటారు."

"అనుకోనీండి. అది పిల్లలు ఆలోచించుకునే టైము సార్."

"మార్కులు తగ్గిస్తాను."

"తగ్గించండి. ప్రశ్నా నేనే అడిగి జవాబూ నేనే చెప్పేసుకుంటే, ఇక వాళ్లెందుకు?"

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. సరే, మళ్లీ వెయ్యండి, చూద్దాం."

ప్రశ్న వినిపించింది. తర్వాత గదిలో చడీచప్పుడూ లేదు. లెక్చరరు తెర మీదికి వంగి, గ్లాసు వంకే చూస్తూ ఏదో గొణుక్కున్నాడు. జవాబు చెప్పడానికి తెరమీది టీచరు నోరు తెరవగానే, ఆయనే చటుక్కున మీట నొక్కి వీడియో ఆపేశాడు.

"ఉండమ్మా, అప్పుడే చెప్పెయ్యకు."

ట్రైనీ టీచరు మౌసుని ఆయన ముందుకు జరిపింది.

"ఇప్పుడు ఆ ఖాళీ మీరే కట్ చెయ్యండి సార్."