నాన్న చేతి మహిమ

"గోధుమ గానీ మైదా గానీ మాన్పించకండి. పరీక్ష అయ్యేదాకా రోజూ రెండు ముక్కలు బ్రెడ్డు తినాల్సిందే" అంది డాక్టరమ్మ.

తల్లి బిత్తరపోయింది. తొమ్మిదేళ్ల కూతురు తిన్నప్పుడల్లా కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. చిక్కి సగమైంది. ఇంట్లో దాన్ని పిచ్చుక అని పిలవడం ముద్దుకే మొదలైంది గానీ ఇప్పుడు ఆ పేరు పలకాలంటే భయం.

"కొందరికి గోధుమ కడుపులోకి పోతే ఒళ్లే తన పేగును తానే పాడుచేసుకుంటుందమ్మా. తిన్నది ఒంటబట్టదు. ఇది రక్తసంబంధంలో వస్తుంది. మీ ఇళ్లల్లో ఎవరికైనా ఉందా?"

"మా ఆడపడుచు ఇలాగే ఎండిపోయి పోయింది. దిష్టి అన్నారు."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ముందే మానేస్తే పేగు బాగుపడిపోతుంది. జబ్బున్నా పరీక్షలో దొరకదు. వంతు రావడానికి మూడు నెలలు పడుతుంది. ఓర్చుకోండి."

తండ్రి బేకరీలో పిండి పిసుకుతున్నాడు. మంచివాడే. కాకపోతే ఎదుటివాళ్ల మాట సగంలో తుంచేసే జబ్బుంది. దానికి ఏ పరీక్షా లేదు.

"ఏమండీ, పిచ్చుకకి రోజూ బ్రెడ్డు పెట్టమంది. ఎందుకంటే..."

"ఆవిడకేమైనా మతి పోయిందా? తింటేనే కదా పిల్ల గిలగిల్లాడేది! మా చెల్లి అలా పోవడం ఈ కళ్లతో చూశాను. ఇంకేం చెప్పకు."

మర్నాటికి అతనే మెత్తబడ్డాడు. "సరే, దాని బ్రెడ్డు నేనే విడిగా చేస్తా. మీరెవరూ చెయ్యి పెట్టొద్దు. గోధుమది ఇంకేదీ పెట్టొద్దు, ఆ రెండు ముక్కలు చాలు."

చిన్న అచ్చు ఒకటి పక్కన పెట్టుకున్నాడు. పనివాళ్లు రాకముందే కాల్చి తెచ్చేవాడు. పిల్ల కిక్కురుమనకుండా తినేది. నెల తిరిగేసరికి బుగ్గలు నిండాయి.

"మీ చేతిలో ఏదో ఉందండీ" అని భార్య మురిసిపోయేది. అతను నవ్వేసి అచ్చు కడుక్కునేవాడు.

పరీక్ష ఇంక రెండ్రోజులుందనగా అతని గుండె ఆగింది. పొయ్యి ముందే, పిండి చేతులతోనే కూలిపోయాడు.

ఆ పుట్టెడు దుఃఖంలోనే తల్లి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తం తీశారు. గొట్టం వేసి పేగు ముక్క కూడా తీసి చూశారు.

"ఏ జబ్బూ లేదమ్మా" అంది డాక్టరమ్మ సంతోషంగా. "మూడు నెలలు బ్రెడ్డు తిని ఒళ్లు చేసిందంటే గోధుమ పడ్డట్టే కదా! నిశ్చింతగా పెట్టండి."

ఇప్పుడు బేకరీని పిల్ల బాబాయి చూసుకుంటున్నాడు. రోజూ అందరితోపాటు పిచ్చుక పళ్లెంలోకీ అక్కడి బ్రెడ్డే వస్తుంది. నిండిన బుగ్గలు మళ్లీ లోపలికి పోయాయి. తండ్రి మీద బెంగ అంది డాక్టరమ్మ. అందరూ నిజమే అన్నారు.

"అమ్మా, నాన్న చేసింది నొప్పెట్టేది కాదు. ఇది నొప్పెడుతోంది."

"అది నాన్న చేతి మహిమ తల్లీ. మనకిక ఎక్కణ్ణుంచి వస్తుంది? తిను, ఇంకొక్క ముక్క" అంది తల్లి కళ్లు తుడుచుకుంటూ.

ఆ చిన్న అచ్చులో అతను మూడు నెలలూ కాల్చింది ఒట్టి బియ్యప్పిండి బ్రెడ్డని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.