కొత్తవలస జవాబు

“ఈ పాత సాఫ్ట్‌వేర్‌ని కంపెనీవోలు ఇంక సూడరట. మార్సీమంతావా, ఉంచీమంతావా?” అని అడిగాడు లారీల యజమాని జగన్నాధం. సాలూరు ఆఫీసులో కూర్చుని అన్ని ఊళ్ల బ్రాంచీలకూ ఆయన ఆర్డర్లు పంపేది అందులోనే.

“తీసేద్దుం మావా,” అన్నాడు మేనల్లుడు గోపి.

“కొత్తది కొనకుండా తీసేస్తే బ్రాంచీల్లో పనెలా నడుస్తాది?”

గోపి గుమాస్తా కృపారాణి వైపు ఒకసారి చూశాడు. “ఆలంతా వాట్సాప్‌లోకి ఎల్లిపోయి రెండేళ్లయినాది. పాతదాంట్లో నువ్వొక్కడివే ఉన్నావు.”

“మరి నా ఆర్డర్లు ఏటవుతన్నాయి?”

“పనికొచ్చేవి గ్రూపులో పెడతన్నాం.”

ముఖం చూసి ఎవడు ముంచుతాడో చెప్పగల జగన్నాధం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. చివరికి కృపారాణిని అడిగాడు. “మొన్న బాడుగ కాడ కొత్తవలస బ్రాంచి స్టాన్లీ ఇందులోనే నాతో దెబ్బలాడేడు కదే?”

“అది నేనేనండి,” అందామె తల దించుకుని. “అందరి పేర్లతోటీ నేనే జవాబులిస్తన్నాను. అందరూ సరే సరే అంటే మీకు అనుమానం వస్తాదని...”

“ఒరే గోపీ, నన్నూ ఆ గ్రూపులో ఎక్కించు.”

“నువ్వు మాటమాటకీ లెక్కడుగుతావు. నువ్వొస్తే ఆలు ఇంకో గ్రూపెట్టుకుంటారు మావా.”

జగన్నాధం లాభనష్టాలు బేరీజు వేసుకున్నాడు. కుర్చీని మెల్లగా కంప్యూటర్ దగ్గరికి జరుపుకున్నాడు.

“అయితే పాతదే ఉండనీరా. ఇందులో కొత్తవలసోడు నాతో దెబ్బలైనా ఆడతన్నాడు.”