మెత్తగా మాట్లాడే పాఠం

"పొగాకు తింటే ఎలకపిల్ల మాదిరి బిడ్డ పుడతాది! బుద్ధి లేదా నీకు?"

"మళ్ళా అరిచినారు సిస్టర్," అన్నాడు గురునాథ్.

కర్ణాటకలోని మోక ఊరి ఆరోగ్య కేంద్రం హాల్లో అందరూ నవ్వారు.

నర్సు నాగలక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా గొంతే అట్లా ఉండాది సార్. నేనేం చేయల్ల?"

పొగాకు నమిలే, కల్లు తాగే గర్భిణులతో ఎలా మాట్లాడాలో నర్సులకూ ఆశా కార్యకర్తలకూ ఆ రోజు శిక్షణ. నేర్పడానికి గురునాథ్ బళ్ళారి నుంచి వచ్చాడు.

"తిడితే ఏమైతాది? ఆమె పొగాకు మానదు. ఆస్పత్రికి రావడం మానుతాది," అన్నాడతను. "మధ్యాహ్నం నాటకం టీము నుంచి ఒకామె వస్తాది. గర్భిణిగా నటిస్తాది. ఆమెతో మెత్తగా మాట్లాడి చూపించల్ల."

"ఎవరు సార్ ఆమె?"

"నేనూ చూడలేదు. కొత్తామె అంట."

భోజనాలయ్యాక తలుపు దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. వెలిసిన చీర, ఎత్తయిన కడుపు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లోపలికి రావచ్చునా అక్కా?"

"రా రా, నీ కోసమే కాచుకోని ఉండాము!" అంది ఆశా కార్యకర్త ఉచ్చెంగమ్మ.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నా కోసమా?"

"చూడు, అప్పుడే మొదలుపెట్టె," అని ఉచ్చెంగమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది. "వేషం భలే కట్టింది."

గురునాథ్ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించాడు.

"సిస్టర్, మీరే."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. చుట్టూ చూసి ఇంకా ముడుచుకుపోయింది.

"ఇంతమందా అక్కా?"

"అందరూ మనోళ్ళే. భయపడొద్దు," అంది నాగలక్ష్మమ్మ. "పేరేంది తల్లీ?"

"నేత్ర."

"యాడ మీది?"

"బార్డర్ అవతల. ఆంధ్రా సైడు."

"అంత దూరం నుంచి ఈడికి వచ్చినావా?"

"మా తట్టు ఆస్పత్రికి ఒకసారి పోయినా అక్కా. నోరు తెరవమన్నారు. పళ్ళు చూసి అందరి ముందర తిట్టినారు. నువ్వూ ఒక తల్లివేనా అన్నారు. మళ్ళా పోలేదు."

నాగలక్ష్మమ్మ నోరు అలవాటుగా తెరుచుకుంది. గురునాథ్ వైపు చూసి మూసుకుంది. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"ఆకువక్కలో కడ్డీపుడి వేసుకుంటావా?"

కడ్డీపుడి అంటే నమిలే పొగాకు. నేత్ర తల వంచుకునే ఊపింది.

"మా అమ్మే అలవాటు చేసె అక్కా. ఆకలి తెలియకుండా ఉంటాదని. ఇప్పుడు మిరప చేలో అందరం ఒక్క సంచిలోంచే తీసుకుంటాము. వద్దంటే, 'ఏంది, మా మింద కోపమా?' అంటారు. మళ్ళా ఎవురూ మాట్లాడరు."

"అది మాత్రం నిజమమ్మా!" అంది ఉచ్చెంగమ్మ. "మా చేలోనూ అంతే. ఆకు వద్దంటే జగడానికి వచ్చినట్లే."

"నువ్వు సుమ్నే ఉండు," అని నాగలక్ష్మమ్మ ఆమెను ఆపింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మానల్లని ఉందా తల్లీ?"

"ఉండాది. ఒకసారి మాని చూసినా. తలనొప్పి, ఊరికే ఏడుపు. మళ్ళా వేసుకున్నా." ఆమె చెయ్యి కడుపు మీదికి పోయింది. "బిడ్డ కదిలితే సంతోషపడేదానికి కూడా భయం అక్కా."



ఎవరూ చెప్పకుండానే నాగలక్ష్మమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. మిరపకాయల ఘాటుకు వేళ్ళు ఎర్రగా పొరలు లేచి ఉన్నాయి.

"తిట్టించుకోని కూడా, బిడ్డ కోసం ఇంత దూరం వచ్చినావు. నువ్వు తల్లివి కాకుంటే ఇంకెవరు తల్లి?"

నేత్ర తలెత్తింది.

"వాళ్ళు ఆకు ఇస్తే తీసుకో. పుడి వద్దు, ఉత్త ఆకు నోట్లో వేసుకో. ఎవరికీ కోపం రాదు. తలనొప్పి లేస్తే నీళ్ళు తాగు, కాసేపు గట్టు మింద కూచో. మిగిలింది మనిద్దరం కలిసి చూస్తాము."

"మళ్ళా నోట్లో వేసుకుంటేనో?"

"వేసుకున్నా రా. వచ్చి నాతో చెప్పు. నేను తిట్టను."

నేత్ర కళ్ళు తుడుచుకోవడానికి కొంగు పైకి తీసింది. మొదటిసారి ఆమె నోరు కనబడింది. ఎర్రగా, నల్లగా మరకలు పట్టిన పళ్ళతో నవ్వుతూ ఉంది.

హాలంతా చప్పట్లు మోగాయి. నేత్ర ఉలిక్కిపడింది.

"ఇదే సిస్టర్! ఇట్లనే మాట్లాడల్ల!" అన్నాడు గురునాథ్.

నేత్ర లేచింది. పోబోతూ ఆగింది.

"అక్కా, వచ్చే వారం మళ్ళా వస్తా. నువ్వే ఉంటావా?"

నాగలక్ష్మమ్మ కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది.

"మళ్ళా ఎందుకు తల్లీ? నీ పని అయిపోయింది. ఇంక నువ్వు రానక్కర లేదు. భలే చేసినావు, పో."

నేత్ర ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది.

"అట్లనే అక్కా."

కొంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

రోడ్డు మీద ఆదోని వైపు పోయే బస్సు ఆగింది. నేత్ర నడుం పట్టుకుని మెల్లగా ఎక్కడం నాగలక్ష్మమ్మకు కిటికీలోంచి కనబడింది. అదే బస్సులోంచి ఎవరో అమ్మాయి దిగింది. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

"నాకే ఏడుపొచ్చేసె సార్," అంది నాగలక్ష్మమ్మ. "ఎంత బాగా నటించింది!"

బస్సు దిగిన అమ్మాయి ఆయాసపడుతూ తలుపు దగ్గరికి వచ్చింది. ఆమె చంకలో ఒక దిండు, దాన్ని నడుముకు కట్టుకోవడానికి ఒక తాడు ఉన్నాయి.

"ఏమనుకోవద్దండి సార్, బళ్ళారిలో బస్సు దొరకలేదు," అంది ఆమె, "గర్భిణిగా నటించేదానికి నాటకం టీము వాళ్ళు పంపించింది నన్నే."