సర్వ్ అంటే వడ్డనేనా?

"లేని మాట లేదంటే మార్కు కోసేస్తారాండీ?" అంది సుందరమ్మ, స్టేజి మెట్ల దగ్గరే జడ్జిగారికి అడ్డం వెళ్ళి.

జడ్జి భానుప్రకాష్‌గారు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. ఏలూరు కల్యాణ మండపంలో పొద్దున్నించీ జరుగుతున్న పిల్లల ఇంగ్లీషు పోటీకి ఆయనొక్కరే జడ్జి. ఒక్కో పిల్లకీ ఒక క్రియ ఇస్తారు. దాని అర్థమేమిటి, దానికి దగ్గర చుట్టాలైన మాటలేమిటి, ఏది ఎక్కడ వాడాలి, చెప్పాలి. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన సుందరమ్మ మనవరాలు పింకీకి 'సర్వ్' వచ్చింది. ఆఫర్, ప్రెస్, ఇన్‌సిస్ట్, ఫోర్స్ అంటూ గడగడా అప్పజెప్పి, చివర్లో ఊరుకోక, "మా నానమ్మ కొసరి కొసరి వడ్డిస్తుంది సార్, దానికి మాత్రం ఇంగ్లీషులో మాట లేదు" అనేసింది. అక్కడ తెగింది మార్కు. మార్కులు ఎప్పటికప్పుడు బోర్డు మీద రాస్తున్నారు; ఆ ఒక్క మార్కుతో పిల్ల రెండో స్థానానికి జారిపోయింది. విజయవాడ పోటీకి పంపేది మొదటి స్థానం వచ్చినవాళ్ళనే.

"కొసరి వడ్డించినా సర్వ్ చెయ్యడమేనమ్మా," అన్నారాయన ఓపిగ్గా. "మనకి మాట తెలీకపోతే భాషలోనే లేదనకూడదు. భోజనాలయ్యాక ఫలితాలు చదివేస్తాను."

"అంటే భోజనాలయ్యేదాకా టైముందన్నమాట," అంది సుందరమ్మ.

"పోనీలే నానమ్మా, ఊరుకో," అంది పింకీ, చీర కుచ్చెళ్ళు పట్టుకు లాగుతూ.

"ఎలా పోనిస్తానే? మార్కు సంగతి అలా ఉంచు. మనింటి వడ్డనా హోటలు వడ్డనా ఒకటేనంటున్నారు ఆయన. ఆ మాట విని ఇంటికెళ్ళమంటావా?"

అన్నట్టు, తాడేపల్లిగూడెంలో ఆవిడ వేసిన విస్తరి ముందు కూర్చున్నవాడు తనంతట తాను లేచిన దాఖలా ఇంతవరకూ లేదు. అలాంటి మనిషికి ఈ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

భోజనాల హాల్లో వడ్డించే కుర్రాడి చేతిలోంచి బకెట్ అందుకుని, తిన్నగా జడ్జిగారి ఆకు ముందుకి వెళ్ళింది. గరిటెడు వంకాయ కూర వేసి, ఆయన మొహమైనా చూడకుండా పక్క ఆకుకి వెళ్ళిపోయి, తిరిగొచ్చింది.

"ఇదేంటండీ?"

"సర్వ్," అన్నారాయన నవ్వుతూ.

"పులిహోర వేసుకుంటారాండీ?"

"వద్దమ్మా."

"సరేనండి." గిన్నె పట్టుకుని గిరుక్కున తిరిగింది. ఆయన చూపులు పులిహోర వెంట కొంతదూరం వెళ్ళి వచ్చాయి.

"ఇది ఆఫర్ సార్," అంది వెనకనించి పింకీ.

తరవాత అడక్కుండా అన్నం రెండు గరిటెలు ధబీమని పడింది. అది ఫోర్స్ అని ఆయనే ఒప్పుకున్నారు. "వదిలేస్తే ఒప్పుకోనండీ, తినాల్సిందే" అని నడుం మీద చెయ్యేసుకు నిలబడింది. అది ఇన్‌సిస్ట్ అన్నారు.

"మీ మాటలన్నీ అయిపోయాయి కదండీ. ఇప్పుడు మాది చూడండి."

గొంతు మారిపోయింది. "అదేంటండీ అలా కెలుకుతున్నారు? పొద్దున్నించీ పిల్లలతో మాట్లాడి మాట్లాడి నీరసించిపోయారు. ఈ మామిడికాయ పప్పు, ఒక్క ముద్దకి. నెయ్యి ఇప్పుడే కాచారంట."

"చాలమ్మా, చాలు." ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలనే అంటారండీ మర్యాద తెలిసినవాళ్ళు. మేం వినకూడదు." చెయ్యి దానంతటదే పక్కకి జరిగింది. పప్పు పడింది, నెయ్యి పడింది.

"ఇప్పుడొప్పుకుంటారాండీ?"

"బతిమాలి పెట్టడమేగా, దీన్ని ప్రెస్ అనొచ్చేమో," అన్నారు నములుతూ.

సుందరమ్మకి ఒళ్ళు మండింది. మంట మనసులోనే ఉంచుకుని దప్పళం తెచ్చింది. "ఈ గుమ్మడికాయ ముక్క మీకోసమే అడుగునించి తీశానండీ, కాదనకండి." ఆయన కాదనలేదు. బూరె తెచ్చి, చిల్లు పెట్టి, అందులో నెయ్యి పోసింది. "ఒక్కటే అయితే దానికి తోడుండదండీ, ఇంకోటి వెయ్యనివ్వండి." అదీ వేయనిచ్చారు. మాగాయ, మజ్జిగ మిరపకాయ, గడ్డపెరుగు.

"ఇప్పుడండీ?"

"ఇంకా నమ్మకం కుదరటం లేదమ్మా."

పంక్తి మొత్తం లేచిపోయింది. పక్క ఆకులు మడిచి ఎత్తేశారు. ఫలితాలకి వేళైందని మైకులో పిలుస్తున్నారు. సుందరమ్మ చెయ్యి లాగేస్తోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడకి తన వడ్డన మీదే అనుమానం వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పింకీ ముందుకొచ్చి నానమ్మ చేతిలో గరిటె తీసుకుంది. "నాకు మార్కు వద్దు సార్. మీరు ఒప్పుకోకపోయినా మా నానమ్మ చేసేదానికి ఇంగ్లీషులో మాట లేదు. విజయవాడలో అడిగినా ఇదే చెప్తాను."

ఆ మాటకి సుందరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"విన్నారు కదండీ. నాకీ మనవరాలు చాలు. పదవే, బస్సుకి టైమైంది," అని బకెట్ కింద పెట్టేసింది.

భానుప్రకాష్‌గారు కంగారుగా ఎడంచేత్తో ఆ బకెట్‌ని తనవైపు లాక్కున్నారు. "ఆగండమ్మా, మీ పిల్లదే ఫస్టు. ఆ మార్కు పప్పు దగ్గరే కలిపేశాను. ఒప్పుకుంటే మీరు వడ్డించడం ఆపేస్తారని నోరు మెదపలేదు."