పక్కకు జరిగిన చుక్క

"చుక్క మధ్యలో ఉండాలి కదమ్మా! ఎడం పక్కకి ఎందుకు పోయింది?"

ఎగ్జామినరు అడగ్గానే, ప్రయోగం చేస్తున్న పిల్ల వంగి తెర వంక చూసింది. రెండు బల్లల అవతల నిలబడ్డ ల్యాబ్ లెక్చరరు, అంటే ఆ పిల్ల తల్లి, మెడ చాచి చూసింది.

ఫిజిక్స్ ప్రాక్టికల్స్, ఫైనల్ పరీక్ష. గాజుగొట్టంలో కాథోడ్ కిరణాలు తిన్నగా వచ్చి తెర మధ్యలో పచ్చటి చుక్కగా వెలగాలి. పక్కన అయస్కాంతం పెడితేనే వంగాలి. ఇంకా పెట్టనే లేదు, చుక్క అప్పుడే పక్కకెళ్లి కూర్చుంది.

"అసలు ఈ కిరణాలంటే ఏమిటి?"

"ఎలక్ట్రాన్లు సార్. వాటికి రుణావేశం ఉంటుంది. అయస్కాంతం దగ్గరకొస్తే దారి మళ్లుతాయి."

"మరి ఇక్కడికొచ్చిన అయస్కాంతం ఏది? ఫోన్ స్పీకర్లో కూడా ఉంటుంది, తెలుసుగా?" ఆయన గొంతు పెంచాడు. "ఎవరి దగ్గరైనా ఫోన్ దొరికిందో, మూడేళ్లు పరీక్షలు మర్చిపోవాల్సిందే!"

"నా దగ్గర ఏమీ లేదు సార్, ఒట్టు."

తల్లి నమ్మలేదు. అన్నం తింటూ కూడా ఫోన్ వదలని పిల్లాయె! కాలుగాలిన పిల్లిలా బల్లల మధ్య తిరిగింది. ఎగ్జామినరు పక్క బల్ల వైపు తిరిగీ తిరగగానే, గొట్టం కింది సొరుగు లాగి చెయ్యి పెట్టింది. పలకలా, చల్లగా తగిలింది. చూసే ధైర్యం లేక అలాగే ల్యాబ్ కోటు జేబులో కుక్కుకుని వెనక్కి నడిచింది. తెర మీద చుక్క బుద్ధిగా మధ్యకొచ్చింది.

"అమ్మా, అది నాది..."

"నోర్మూసుకుని రీడింగులు తీసుకో. ఇంటికి రా, నీ సంగతి చెప్తా."

ఎగ్జామినరు తిరిగొచ్చి తెర వంక చూశాడు. "అరె, సర్దుకుందే!"

"వైరు వదులైంది సార్, బిగించాను." తల్లి అబద్ధం ఆడేసింది. కూతురి చదువు దక్కింది గానీ, కూతురి మీద మనసు విరిగిపోయింది.

అయస్కాంతం పెట్టగానే చుక్క చక్కగా పక్కకు జరిగింది. ఎగ్జామినరు ఇరవైకి ఇరవై వేసి సంతకం గీకాడు. పెన్ను పెట్టుకోబోతూ జేబులు తడుముకున్నాడు. పైజేబు, పక్కజేబు, మళ్లీ పైజేబు.

"మేడమ్, ఆఫీసులోంచి నా నంబరుకి ఓసారి రింగ్ ఇప్పిస్తారా? పొద్దున ఈ సొరుగుల్లోనే దేన్లోనో పడేశాను."