ఫ్రిగిడుస్‌కి రెండో అర్థం

"ఈ అర్థం తప్పు, బాబూ."

అచ్చుకి వెళ్లాల్సిన పేజీ మీద ముసలాయన వేలు పెట్టి మరీ చెప్పాడు.

ఎడిటర్‌కి ఒళ్లు మండింది. లాటిన్ నిఘంటువు కొత్త ముద్రణకి అతనే సర్వాధికారి. మొదటిసారి అతని పేరు ఒక పుస్తకం మీద పడబోతోంది. పేజీ కోసం ప్రెస్సు ఫోర్‌మన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఇలాంటప్పుడు ఎవరో దారినపోయే దానయ్య వచ్చి తప్పులు పడితే ఎలా ఉంటుంది?

"ఏ అర్థం?"

"ఫ్రిగిడుస్. చల్లని గాలి, చల్లని నీళ్లు, అంతవరకూ బాగానే ఉంది. మనిషికి వాడితే 'చల్లని మనసుగల, దయగల' అని వేశారే, అది తప్పు."

"చల్లని మనసంటే దయ కాదా?"

"మనకి దయే. వాళ్లకి కాదు. లాటిన్‌లో ఫ్రిగిడుస్ అంటే ఉత్సాహం, ఉలుకూపలుకూ లేని మనిషి. మాటకి వాడితే చప్పటి మాట. అది తిట్టు నాయనా, దీవెన కాదు."

ఫోర్‌మన్ కిసుక్కున నవ్వాడు. ఎడిటర్ నవ్వలేదు. అల్మారాలోంచి పాత ముద్రణ తీసి బల్ల మీద దబ్బున పెట్టాడు.

"ఇది మాస్టారి నిఘంటువు. ఈ భాష నేర్చుకున్నవాళ్లందరం దీని మీదే అక్షరాలు దిద్దుకున్నాం. ఇందులో దయ అనే ఉంది. మాస్టారి కంటే మీకెక్కువ తెలుసా?"

"మాస్టారూ మనిషే కదా. మన అలవాటు తీసుకెళ్లి లాటిన్ నెత్తిన పెట్టేశాడు."

"పెట్టేశాడు ఏమిటండీ! కాస్త మర్యాదగా మాట్లాడండి. ఆ మహానుభావుడు బతికి ఉంటే మీ మాటలకి ఏమనేవారో!"

"ఒప్పుకునేవాడు."

ముసలాయన నొచ్చుకోలేదు. ఎవరూ కూర్చోమనకపోయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా స్నేహితుడు పోయాడు. చాలా మంచివాడు. కొడుకు ఆ పుస్తకం చూసి సమాధి రాయి మీద ఈ మాట చెక్కించాడు. దయగల మనిషి అని రాయించానని వాడి సంబరం. భాష తెలిసినవాళ్లకి మాత్రం చప్పటి మనిషి అని కనిపిస్తుంది. మొన్న ఆ రాయి ముందు నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో కొడుక్కి ఆ గతి పట్టకూడదని వచ్చాను."

"మధ్యలో మీకెందుకండీ సిగ్గు?"

"ఎందుకంటే, అది రాసింది..."

"ఎవరు రాశారో నాకు చెప్తారా!" ఎడిటర్ చెయ్యెత్తి ఆపేశాడు. "మా ఆఫీసులో ఒక పద్ధతుంది. నేను సంతకం పెట్టాక పేజీ మార్చే హక్కు ఒక్క మాస్టారికే. వెళ్లి ఆయన్ని పైనుంచి దింపుకు రండి, మారుస్తాను."

టకటకా సంతకం పెట్టి పేజీని ఫోర్‌మన్ చేతిలో పెట్టాడు. ముసలాయన ఇంకేదో చెప్పబోయాడు. ఎడిటర్ ఆయన మోచెయ్యి పట్టుకుని గుమ్మందాకా నడిపించాడు.

"మెట్లు జాగ్రత్త, పెద్దవారు."

తిరిగొచ్చి కూర్చున్నాక అతనికి గర్వంగా అనిపించింది. మాస్టారి మాట మీద ఈగ వాలనివ్వలేదు మరి. కిందనుంచి యంత్రం హోరు వినపడుతుంటే కాఫీ కూడా రుచిగా ఉంది.

సాయంత్రానికి అచ్చు పూర్తయింది. కట్టలన్నీ బైండింగుకి వెళ్లిపోయాయి. ప్రెస్సు యజమాని రుమాలుతో మొహం తుడుచుకుంటూ పైకొచ్చాడు.

"ఏమయ్యా, పొద్దున నీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడటగా? గేటు దగ్గర కనిపిస్తే నేనే తీసుకెళ్లి బస్సెక్కించాను. దారంతా నీ గురించే చెప్పాడు."

ఎడిటర్ నవ్వాడు. "తిట్టిపోసుంటాడు."

"అబ్బే, మెచ్చుకున్నాడు. నాకైతే సరిగ్గా బోధపడలేదు గానీ, 'మీ ఎడిటర్ గట్టివాడండీ, నేను రాసినదాన్ని నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు' అన్నాడు."